దేవుడి సంజాయిషీ, మనుషుల సంజాయిషీ

దేవుడున్నాడా లేడా అన్న చర్చ మన కాలేజీలలో కొత్తదేమీ కాదు. ప్రతి యేడూ కొత్త విద్యార్థులు వస్తారు, పాత వాదనలు మళ్ళీ వినపడతాయి. అభ్యుదయ భావాలు కలిగిన కుర్రవాడొకడు లేచి, లోకంలో ఇంత దుఃఖం వుంది కనక దేవుడు లేడంటాడు. భక్తి కలిగిన కుర్రవాడు మరొకడు లేచి, ఆ దుఃఖం మనిషి చేతులారా తెచ్చుకున్నదంటాడు. ఇంతలో గంట మోగుతుంది. ఎవరి అభిప్రాయం వారి దగ్గరే వుండిపోతుంది.

పదేళ్ళుగా పాఠం చెబుతూ ఈ తంతు చూస్తున్నాను. చర్చ ఇలా ఆగిపోవటానికి కారణం విద్యార్థుల తెలివితక్కువతనం కాదు. ప్రశ్ననే మనం సగంలో వదిలేస్తున్నాం. దేవుడున్నాడా అన్నది మొదటి ప్రశ్న. వుంటే మంచివాడా అన్నది రెండోది. జరిగిన చెడుకు సంజాయిషీ చెప్పవలసిన వాళ్ళెవరు అన్నది మూడోది. మొదటి రెంటిమీదా గంటలకొద్దీ వాదించే ఉభయపక్షాల వారూ మూడో ప్రశ్న దగ్గర మౌనం వహిస్తారు. ఆ మౌనాన్ని గురించే ఈ వ్యాసం.

ఇందుకు క్రైస్తవాన్ని ప్రత్యేకించి తీసుకోవటానికి కారణం వుంది. దేవుడు సర్వజ్ఞుడు, సర్వశక్తిమంతుడు, పరమ దయాళువు అన్న మూడు మాటలనూ ఒక్కడికే ఆపాదించి, వాటికీ లోకంలోని దుఃఖానికీ పొత్తు కుదర్చటానికి ఆ మతపండితులు శతాబ్దాల తరబడి శ్రమించారు. కర్మ సిద్ధాంతంలో ఈ చిక్కు ఇంత తీవ్రంగా రాదు. అక్కడ ఎవడి బాధకు వాడే బాధ్యుడు. పోయిన జన్మలో అప్పు వుందంటారు గాని, పద్దు పుస్తకం తెరిచి చూపించరు. వెలివాడలో పుట్టినవాడు అక్కడెందుకు పుట్టాడో అడగటానికి వీలులేని యేర్పాటు అది. క్రైస్తవంలో అడగటానికి ఒకడున్నాడు. అందువల్ల అడగటమూ ఎక్కువే జరిగింది.

తెలుగు పాఠం చెప్పేవాడికి ఈ తేడా కొట్టవచ్చినట్టు కనపడే చోటు జాషువా "గబ్బిలం". వినుకొండలో క్రైస్తవుల ఇంట పుట్టిన కవి, 1941లో, ఒక అస్పృశ్యుడి చేత కాశీ విశ్వేశ్వరుడికి విన్నపం పంపించాడు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు గాని గబ్బిలానికి వుంది. అందుకని గబ్బిలమే రాయబారి. పైకి అది దేవుడికి చేసిన ఫిర్యాదు. చదువుతున్నకొద్దీ ఆ ఫిర్యాదులో నిందితులు ఒక్కొక్కరే బయటపడతారు. తలుపు మూసినవాడు, కూడు దక్కనీయనివాడు, ధర్మం పేరు చెప్పి వెట్టి చేయించుకున్నవాడు, అందరూ మనుషులే. దేవుడి పేరుమీద రాసిన అర్జీ చివరకు సంఘం చేతికే చేరుతుంది.

2022లో ఈ పాఠం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థి లేచి నిలబడ్డాడు. క్రైస్తవ కుటుంబంలోని పిల్లవాడు. అంతకు ముందు సంవత్సరం, మే నెలలో, కరోనా రెండో విజృంభణలో వాళ్ళమ్మ చనిపోయింది. ఆక్సిజన్ సిలిండరు కోసం రాత్రంతా తిరిగారు, దొరకలేదు. "సార్, ప్రభువు పిలుచుకున్నాడని మా సంఘపెద్దలు అన్నారు. ప్రభువే పిలిస్తే ఇంకెవర్నీ అడగటానికి లేదు. మీరేమో అసలు ప్రభువే లేడంటారు. అప్పుడూ అడగటానికి ఎవరూ లేరు. మరి నేనెవర్ని అడగాలి సార్?" అన్నాడు. వాడి గొంతులో వెటకారం లేదు. క్లాసులో ఎవరూ నవ్వలేదు.

ఈ ప్రశ్న ముందు పెట్టుకుని చూస్తే పాత చర్చలన్నీ వేరే రూపంలో కనపడతాయి. 2021 జూలై 20న కేంద్ర ఆరోగ్యశాఖ రాజ్యసభకు ఒక సమాధానం ఇచ్చింది. ప్రత్యేకంగా ఆక్సిజన్ కొరతవల్ల మరణాలు జరిగినట్టు రాష్ట్రాలుగాని, కేంద్రపాలిత ప్రాంతాలుగాని నివేదించలేదని దాని సారాంశం. అంటే ఆ తల్లి మరణానికి సంఘపెద్దల లెక్కలో కారణం పైనున్నది. ప్రభుత్వం లెక్కలో కారణమే లేదు. రెండు సమాధానాల ఫలితమూ ఒకటే. కింద ఎవరూ సంజాయిషీ చెప్పనక్కరలేదు.

దేవుడి మంచితనాన్ని ప్రశ్నించే వాదన చాలా పాతది. చెడును తొలగించాలన్న కోరిక వుండి శక్తి లేకపోతే దేవుడు సర్వశక్తిమంతుడు కాడు. శక్తి వుండి కోరిక లేకపోతే దయాళువు కాడు. గ్రీకు తాత్వికుడు ఎపిక్యూరస్ ఈ ప్రశ్న వేశాడని చెబుతారు. డేవిడ్ హ్యూమ్ దీనికి పదునుపెట్టి రాసిన గ్రంథం ఆయన చనిపోయిన తరువాత, 1779లో గాని వెలువడలేదు. ఈ వాదనకు తృప్తికరమైన జవాబు ఇంతవరకు నేను చదవలేదు. అయితే అది ఓడించేది తాత్వికుల దేవుణ్ని. ఆ దేవుడి చాటున నిలబడిన మనిషిని అది తాకదు. మనవాళ్ళు చాలామంది ఈ విజయంతో తృప్తిపడి ఇంటికి వెళ్ళిపోతారు.

ఆశ్చర్యమేమంటే, చాటున నిలబడిన మనిషిని పట్టుకునే ప్రయత్నం బైబిలులోనే వుంది. యోబు గ్రంథం సంగతి చూడండి. యోబు నీతిమంతుడు. ఒక్కరోజులో ఆస్తిపోయింది, పదిమంది బిడ్డలు పోయారు, ఆ తరువాత ఒళ్ళంతా కురుపులు లేచాయి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు అని ముగ్గురు స్నేహితులు పరామర్శకు వచ్చారు. వాళ్ళ వాదన చాలా తార్కికమైనది: దేవుడు న్యాయవంతుడు, నీవు బాధపడుతున్నావు, కనక నీవు పాపం చేసివుండాలి. యోబు ఒప్పుకోడు. తాను నిర్దోషినంటాడు, దేవుడే వచ్చి తనతో వాదించాలంటాడు. కథ చివర దేవుడు వస్తాడు. సృష్టి వైభవాన్నంతా వర్ణిస్తాడు గాని అడిగినదానికి మాత్రం జవాబు చెప్పడు. అయినా ఒక్క తీర్పు మాత్రం ఇస్తాడు: తనను సమర్థిస్తూ మాట్లాడిన ఆ ముగ్గురూ తప్పు మాట్లాడారని, యోబు మాటే సరైనదని. దేవుడి తరఫు వకీళ్ళను దేవుడే కోర్టులోంచి గెంటేసిన ఘట్టం ఇది.

యోబుకు చివరకు మళ్ళీ పదిమంది బిడ్డలు పుట్టారని కథ ముగుస్తుంది. చచ్చిపోయిన పదిమంది మాట ఎవరూ ఎత్తరు. భౌతికవాదిగా నాకు ఈ ముగింపు రుచించదు. కాని ఆ ముగ్గురు స్నేహితులకు పడిన తీర్పు చిన్నది కాదు. పెరూ దేశపు మతాచార్యుడు గుస్తావో గుతియెర్రెజ్ 1986లో యోబును గురించి ఒక పుస్తకం రాస్తూ, లాటిన్ అమెరికా పేదలకు ఆ కథను అన్వయించటం ఊరికే జరిగింది కాదు.

లూకా సువార్త 13వ అధ్యాయంలో మరొక సంగతి వుంది. పిలాతు కొందరు గలిలయులను బలి అర్పించే వేళ చంపించాడని ఏసుకు చెప్పారు. ఆయన దానికి తోడు సిలోయములో గోపురం కూలి పద్ధెనిమిదిమంది చచ్చిపోయిన సంగతి ఎత్తి, వాళ్ళు మిగతావారికంటే ఎక్కువ పాపులని అనుకుంటున్నారా అని అడిగి, కాదని తానే చెప్పాడు. వెంటనే, మీరు మారుమనస్సు పొందకపోతే మీకూ నాశనమేనని హెచ్చరించిన మాట నిజమే. దాన్ని దాచవలసిన పనిలేదు. అయినా చచ్చినవాడి నెత్తిన తప్పు రుద్దే అలవాటును ఆ మాట తోసిపుచ్చింది. ఒకటి పాలకుడు చేయించిన హత్య, రెండోది ఒక కట్టడం కూలటం. అక్కడి నుంచి, గోపురం ఎవరు కట్టారు, సున్నం ఎంత కలిపారు అన్న ప్రశ్నకు ఒక్క అడుగే దూరం. సువార్త ఆ అడుగు వెయ్యలేదు.

ఆ అడుగు వెయ్యటానికి పదిహేడు వందల ఏళ్ళు పట్టింది. 1755 నవంబరు 1న, సర్వభక్తుల పండుగ ఉదయం, జనం చర్చిలలో ప్రార్థనలో వుండగా పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను భూకంపం కుదిపింది. తరువాత సముద్రం పొంగి వచ్చింది, ఆపైన రోజులతరబడి నగరం తగలబడింది. వేలాదిమంది చనిపోయారు. అంతకు నలభైయైదేళ్ళ ముందు, 1710లో, జర్మన్ తాత్వికుడు లైబ్నిజ్ దేవుడి న్యాయాన్ని సమర్థిస్తూ పెద్ద గ్రంథం రాశాడు. సాధ్యమైన ప్రపంచాలన్నింటిలోనూ ఇదే ఉత్తమమైనదని ఆయన సిద్ధాంతం. శిథిలాల పొగ మధ్య ఆ సిద్ధాంతానికి ఊపిరాడలేదు. వోల్టేర్ 1756లో ఒక కావ్యంలోనూ, 1759లో "కాండీడ్" నవలలోనూ దాన్ని చీల్చి చెండాడాడు. మరోపక్క జెసూట్ మతగురువు మలగ్రిదా, భూకంపం లిస్బన్ పాపాలకు దైవశిక్ష అని కరపత్రం రాశాడు. యోబు స్నేహితుల వారసుడన్నమాట.

వోల్టేర్ పక్షమే మనకు సహజంగా నచ్చుతుంది. కాని ఆ చర్చలో అందరికంటే ముందుకు పోయినవాడు రూసో. ఆయన దేవుణ్ని నమ్మినవాడు, వోల్టేర్ నిరాశను ఖండించటానికే 1756 ఆగస్టులో ఉత్తరం రాశాడు. అందులో ఒక మామూలు సంగతి చెప్పాడు. ఆరేడు అంతస్తుల ఇళ్ళు ఇరవైవేలు ఒక్కచోట కట్టింది ప్రకృతి కాదని, జనం పలచగా, చిన్న ఇళ్ళలో వుండివుంటే నష్టం తక్కువయ్యేదని, సామాన్లకోసం వెనక్కు వెళ్ళి చచ్చినవాళ్ళూ వున్నారని. వోల్టేర్ ఆకాశంకేసి చూసి అడిగితే రూసో గోడలకేసి చూశాడు. నగరాన్ని తిరిగి కట్టించిన మంత్రి పొంబాల్ నిరంకుశుడే. మలగ్రిదాను మతవిచారణ సంస్థ 1761లో చంపించటం వెనక ఆయన హస్తం వుంది. అయినా కొత్త ఇళ్ళ గోడలలో భూకంపాన్ని తట్టుకునేందుకు కర్రచట్రాలు పెట్టించారు. భూకంపాన్ని గురించి ప్రశ్నావళి తయారుచేసి ఊరూరికీ పంపారు. కంపం ఎంతసేపున్నది, ఎన్ని ఇళ్ళు కూలాయి, ఎంతమంది చనిపోయారు? దేవుడికి కోపమెందుకు వచ్చింది అన్న ప్రశ్న స్థానంలోకి ఇలాంటి ప్రశ్నలు వచ్చాయి.

అయితే ప్రశ్న మారినంత మాత్రాన పాలకులు మారరు. దైవసంకల్పం అన్న మాట పందొమ్మిదో శతాబ్దంలో కొత్త కొలువులో చేరింది. 1845లో మొదలైన ఐర్లండు కరువులో సుమారు పదిలక్షలమంది చనిపోయారు. సహాయ వ్యవహారాలు చూసిన బ్రిటిష్ ఖజానా అధికారి చార్లెస్ ట్రెవెల్యన్ 1848లో ఆ కరువు మీద పుస్తకం రాసి, దాని వెనక విధాత సదుద్దేశాన్ని చూశాడు. సోమరి సమాజాన్ని చక్కదిద్దటానికి వచ్చిన విపత్తు అది అని ఆయన భావం. ఆ ట్రెవెల్యనే 1859లో మద్రాసు గవర్నరుగా మన నెత్తిమీదికి వచ్చాడు. ఏడాదికే వెళ్ళిపోయాడు గాని ఆ ఆలోచనా ధోరణి వెళ్ళలేదు.

1876–78లో మన జిల్లాలను ధాతకరువు కబళించింది. వైస్రాయి లిట్టన్ 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటించే దర్బారు జరిపాడు. ధాన్యం ఎగుమతులు ఆగలేదు. కరువు పనులు తనిఖీ చెయ్యటానికి వచ్చిన రిచర్డ్ టెంపుల్ దొర, మగవాడి రోజుకూలి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. ఇదే టెంపుల్ 1874లో బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించాడు. డబ్బు దుబారా చేశాడని అప్పుడు చీవాట్లు తిన్నాడు. అంటే జనాన్ని బతికించటం తెలియక కాదు. ఖర్చు ఇష్టంలేక. లక్షలాదిమంది చావుకు విధి కారణమనటం ఎంత అబద్ధమో ఈ ఒక్క మనిషి ఉద్యోగ చరిత్ర చెబుతుంది.

ఈ కరువులోనే ఒంగోలులో జరిగిన సంగతి క్రైస్తవ చర్చకు నేరుగా సంబంధించినది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలవలో సుమారు మూడు మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని పల్లెజనానికి పని కల్పించాడు. కూటికోసం మతంలో చేరారన్న మాట రాకుండా కరువుకాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. మిషనరీలకు సామ్రాజ్యంతో వున్న పొత్తును మరచిపోనక్కరలేదు. కాని ఆ జనం దృష్టితో చూడండి. వాళ్ళ ఆకలికి పూర్వజన్మ పాపం కారణమని ఒకరు, బజారు ధర కారణమని మరొకరు చెబుతున్న రోజులలో, తవ్వినదానికి కొలిచి కూలి ఇచ్చిన చోటు వాళ్ళకు దొరికింది. దైవసంకల్పానికి మట్టికొలత లేదు. కూలికి వుంది. ఎవడు ఎంత ఇచ్చాడో, ఎంత ఎగవేశాడో అక్కడ తేలుతుంది.

మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన ఆ ప్రాంతపు క్రైస్తవుడు. ఆయన విశ్వాసి, నేను కాను. స్టాఫ్‌రూములో టీ తాగుతూ ఏళ్ళతరబడి వాదించుకుంటున్నాం. ఆయన ముఖ్య వాదం స్వేచ్ఛాసంకల్పం. "దేవుడు మనిషిని మరబొమ్మగా చెయ్యలేదు మాస్టారూ. స్వేచ్ఛ ఇచ్చాడు. దాన్ని దుర్వినియోగం చేసింది మనిషి. తప్పు మనిషిది" అంటారు.

ఈ వాదనను మనవాళ్ళు కొట్టిపారేస్తారు. నాకు మాత్రం దాన్ని ఆయన ఆపిన చోటునుంచి ముందుకు తీసుకుపోవాలనిపిస్తుంది. తప్పు మనిషిది, సరే. ఏ మనిషిది? ఐదో శతాబ్దపు ఆరంభంలో అగస్టీన్ ఆదాము పాపాన్ని మానవజాతి మొత్తానికి వారసత్వంగా పంచాడు. అందరూ పాపులే అయినప్పుడు గిడ్డంగి తాళం దగ్గర పెట్టుకున్నవాడూ పాపే, గిడ్డంగి ముందు పడి చచ్చినవాడూ పాపే. ఇద్దరూ పక్కపక్కన మోకరిల్లి క్షమాపణ వేడుకోవాలి. ఇంత సమానత్వం ఆస్తిలో మాత్రం ఎన్నడూ పంచలేదు. "మానవుడు" అన్న పెద్ద మాటలో మనుషులు మాయమవుతారు. బాధ్యత వుండాలంటే పేరుండాలి, హోదా వుండాలి, చేతిలో అధికారం వుండాలి. చెయ్యగలిగి చెయ్యనివాడెవడు అన్నది తేలాలి. నేనిలా అన్నప్పుడు ఆయన కాదనలేదు. "మా ఆమోసు ప్రవక్త అన్నదీ అదే. పేదల్ని తొక్కి, దొంగ తూకాలు తూచినవాళ్ళని వేలెత్తి చూపించాడు. మా ప్రసంగాలలో ఆయన మాట తక్కువ వినపడుతుందంతే" అన్నారు.

తరువాత ఆయన తన ప్రశ్న వేశారు: "దైవసంకల్పమని చావుల్ని సమర్థించేవాళ్ళని తిడతారు, బాగుంది. మరి 1932–33లో సోవియట్ ఉక్రేనులో, కజకస్తానులో లక్షలమంది ఆకలితో చచ్చారు. అప్పుడు కూడా ధాన్యం ఎగుమతి అయింది. అది చరిత్ర పురిటినొప్పులని మీవాళ్ళు రాయలేదా? మీ దేవుడికి చరిత్ర అని పేరు పెట్టుకున్నారు, అంతేగా?"

పత్రిక పాఠకులకు ఈ ప్రశ్న కటువుగా వుండవచ్చు. కాని ఇది తప్పించుకోదగ్గది కాదు. దాస్తొయెవ్‌స్కీ 1880లో పూర్తిచేసిన "కరమజోవ్ సోదరులు" నవలలో ఇవాన్ పాత్ర వాదించేదీ ఇదే. దేవుడు లేడని అతను అక్కడ వాదించడు. చివరి రోజున అంతా సామరస్యంగా ముగుస్తుందనీ, అందరి కన్నీళ్ళకూ అర్థం దొరుకుతుందనీ ఒప్పుకుంటాడు. ఒక్క పసిబిడ్డ హింసను ధరగా కట్టి ఆ సామరస్యంలో ప్రవేశించటం మాత్రం తనకు ఇష్టంలేదంటాడు. రచయిత ఉద్దేశం ఏదైనా, ఆ వాదం పరలోక స్వర్గానికి ఎంత తగులుతుందో భూలోక స్వర్గం పేరుతో జరిగే సమర్థనలకూ అంత తగులుతుంది. లిట్టన్ చేసినప్పుడు హత్య అయిన ఎగుమతి, స్టాలిన్ చేసినప్పుడు అనివార్యత కాజాలదు. చరిత్రకు నియమాలున్నాయని చెప్పటం శాస్త్రం. ఆ నియమాల పేరు చెప్పి సంతకం పెట్టినవాణ్ని వదిలెయ్యటం యోబు స్నేహితుల పని.

మార్క్సు మతాన్ని మత్తుమందుతో పోల్చాడని అందరికీ తెలుసు. 1844 నాటి ఆ రచనలోనే, మతంలోని దుఃఖం నిజమైన దుఃఖానికి నిరసన కూడా అన్నాడని చాలామందికి గుర్తుండదు. మనం మత్తును గురించి మాట్లాడినంతగా నిరసనను గురించి మాట్లాడలేదు. తెలుగు సాహిత్యం చదివినవాడికి ఆ నిరసన పరాయిది కాదు. పోతన గజేంద్రుడు మొసలి నోట చిక్కి, వున్నాడని చెప్పే ఆ దేవుడు అసలు వున్నాడో లేడో అని శంకిస్తాడు. గోలకొండ చెరలో రామదాసు, చేయించిన నగల పద్దు చెప్పి మరీ రాముణ్ని నిలదీస్తాడు. యోబు, గజేంద్రుడు, రామదాసు, జాషువా నాయకుడు వేరువేరు నమ్మకాలవాళ్ళు. పడుతున్న బాధ న్యాయమని ఒప్పుకోకపోవటంలో మాత్రం ఒకరికొకరు చుట్టాలు.

కనక విశ్వాసితో మన వాదం దేవుడున్నాడా లేడా అన్నచోట మొదలై అక్కడే ముగియనక్కరలేదు. దేవుడు లేడనే నా అభిప్రాయం. దాన్ని దాచుకుని మాట్లాడటం నిజాయితీ కాదు. కాని ఆ అభిప్రాయం నాకు ఏ హక్కూ సంపాదించి పెట్టదు, ఒక పని మాత్రం అంటగడుతుంది. పైన సంజాయిషీ చెప్పేవాడు లేడని తేల్చినవాడు, కింద చెప్పవలసినవాళ్ళ జాబితా తయారుచెయ్యాలి. దేవుడున్నాడని నమ్మినవాడు, ఆయన మంచితనం మీద నిజంగా నమ్మకముంటే, ఆయన పేరుచెప్పి తప్పుకుపోయేవాణ్ని పట్టుకోవాలి. ఈ రెండు పనులూ ఒకే ఊళ్ళో, ఒకే ఆస్పత్రి ముందు, ఒకే రేషను దుకాణం దగ్గర చెయ్యవలసినవి.

ఆ విద్యార్థికి నేను ఇచ్చిన జవాబు తాత్వికమైనది కాదు. ఆ వారం ఆ ఊరికి ఎన్ని సిలిండర్లు రావాలి, ఎన్ని వచ్చాయి, పంపిణీ ఎవరి చేతిలో వుంది అన్నవి అడగమని చెప్పాను. సమాచార హక్కు చట్టం 2005 నుంచి వుంది. మా అర్థశాస్త్రం మిత్రుడూ నేనూ వాడితో కూర్చుని దరఖాస్తు రాశాం. ప్రార్థన చేసే ఆయన, చెయ్యని నేను, ఒక్క వాక్యం మీద కూడా తగాదా పడలేదు. వచ్చిన జవాబు అరకొరది. దానిమీద అప్పీలు వేశాం. సర్వశక్తిమంతుడిది కాకపోయినా, కింద ఒక అధికారి సంతకం వుంది దానికి. వాదన ఇకనుంచి ఆ సంతకంతో.